ముప్పై ఆరు మంది మోత

నా భార్య వజ్రం కుడిచెయ్యి పడిపోయేలా చేసింది మీరే. రెండో షెడ్డులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల మీదికి తొయ్యకండి. హైమ మేడమ్ చేసిన పట్టీ మీదికీ తొయ్యకండి. నీలికెరటం సీఫుడ్స్ మేడ మీద, చల్లని గదిలో కూర్చుని తెల్లబోర్డు మీద రోజుకో అంకె రాసిన మీరే చేశారు ఈ పని. మీ విచారణ కాగితం గేటుకి అంటించారు కదా, చదివాను. "కార్మికుల క్రమశిక్షణారాహిత్యం వల్ల పరికరం దుర్వినియోగమైనది" అట. ఆ వాక్యం రాసిన చేతికి ఎప్పుడైనా ఐసు నీళ్లు తగిలాయా? పన్నెండు పట్టీలు ఒకే మనిషి చేతికి ఎందుకు ఎక్కాయో ఆ కాగితంలో ఎక్కడుంది?

నేను చెబుతాను. మొదటినుంచీ చెబుతాను. ఎందుకంటే ఇందులో మంచి రోజులు కూడా ఉన్నాయి. అలాంటి రోజులు నా జన్మలో చూడలేదు. వాటిని కూడా మింగేశారు మీరు.

నా పేరు సత్యానందం. ఆ ప్లాంటులో ఫిట్టర్ని. ఐసు మిషన్లు, బెల్టులు, మోటార్లు నేనే చూస్తాను. వజ్రం రెండో షెడ్డు సూపర్‌వైజర్. ఆమె కింద ముప్పై ఆరు మంది ఆడవాళ్లు. బెల్టు మీద రొయ్యలు వస్తాయి. తల తియ్యాలి, పెంకు ఒలవాలి, వీపు మీద నరం లాగాలి, ఐసు నీళ్లలో వెయ్యాలి. ఎనిమిది గంటలు నిలబడే. పట్టీ రాకముందు వజ్రాన్ని షెడ్డులో 'మైకు' అనేవారు. అరిస్తేనే పని జరుగుతుందని ఆమెకి పైవాళ్లు నేర్పారు. ఆమె నేర్చుకుంది.

హైమ మేడమ్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మనిషి మీద పని ఎంత బరువు పడుతుందో చర్మం నుంచి, నాడి నుంచి, వేళ్ల వణుకు నుంచి పట్టుకునే పట్టీ ఒకటి చేసింది. అలాంటివి చాలామంది చేశారట. ఆమె చేసిన కొత్త పని వేరే. ఆ బరువుని అంకెలుగా చూపించదు. ఇంకొకరి ఒంట్లోకి పంపిస్తుంది.

మొదటి పరీక్షకి నన్నూ వజ్రాన్నీ పిలిచింది. నా మణికట్టుకి సన్న పట్టీ కట్టి, కదిలే పలక ముందు నిలబెట్టి, నట్లూ బోల్టులూ వేరు చెయ్యమంది. మూడు తప్పితే మళ్లీ మొదటినుంచి. పక్క గదిలో వజ్రం మోచేతి కింద వెడల్పాటి పట్టీతో కూర్చుని టీ తాగుతోంది. హైమ పలక వేగం పెంచింది. నేను రెండుసార్లు మొదటికొచ్చాను. మూడోసారి ఇంకా గబగబా ఏరుతున్నాను. నాలుగు నిమిషాలకి తలుపు దగ్గర వజ్రం. చేతిలో గ్లాసులోని టీ చీర మీద ఒలికింది.

"ఏం సేత్తన్నారండి మా ఆయన్ని?" అంది.

హైమ మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆవిడ కళ్లు మెరిసిపోతున్నాయి. ఏమనిపించిందో చెప్పమని వజ్రాన్ని పది రకాలుగా అడిగింది. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంది, చేతులు పరిగెత్తమంటున్నాయి, ఎక్కడికో తెలియడం లేదు అని చెప్పింది వజ్రం.

ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ నా వైపు తిరిగి కూర్చుంది. "మిషన్ల కాడ ఇంత ఇదైపోతావా నువ్వు? పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడైనా సెప్పావా?" అంది. అడిగావా అన్నాను. ఇంటి దగ్గర దిగాక, ఆ పట్టీలు రేపే షెడ్డులో పెట్టెయ్యమను ఆవిడని అంది.

పెట్టారు. డైరెక్టర్ వల్లభరావు గారే ఒప్పుకున్నారు. రొయ్యలు కొనేవాళ్లకి చూపించుకోవడానికి బాగుంటుందని ఆయన లెక్క. ముప్పై ఆరు సన్న పట్టీలు, ఒక వెడల్పాటి పట్టీ, మధ్యలో చెప్పులపెట్టె అంత పెట్టె. పెట్టెకి కరెంటు బెల్టు లైనులోంచే లాగాను. బెల్టు తిరిగితే పెట్టె పనిచేస్తుంది, బెల్టు ఆగితే ఆగుతుంది. షెడ్డు ఆడవాళ్లు రెండో రోజుకే దానికి మోతపట్టీ అని పేరు పెట్టేశారు.

మొదటి గంటలో వజ్రం బోర్లించిన టబ్బు మీద కూలబడింది. ఆ రోజు ఒక్క అరుపూ అరవలేదు. మైకుకి కరెంటు పోయిందని పేరంటాలు అందట. అందరిలోకీ పెద్దది పేరంటాలు, నోరు ఊరుకోదు.

మూడు రోజులు వజ్రం ఊరికే గమనించింది. పదకొండు గంటలయ్యేసరికి ఒంట్లో బిగువు ఒక్కసారిగా పెరిగిపోతోంది. అలసటేమో అనుకుంది. కానీ మధ్యాహ్నం మూడింటికి, అసలు అలసిపోయేవేళకి, అంత ఉండటం లేదు. పట్టీ బరువుందని మాత్రమే చెబుతుంది, దేని బరువో చెప్పదు. నాలుగో రోజు టేబులు చివర నిలబడి ఆమె అందరినీ అడిగింది, పదకొండింటికి మీకు ఏమవుతోందర్రా అని. పేరంటాలు రొయ్య ఒలుస్తూనే వజ్రం మెడలో వేలాడే ఎర్రబిళ్ల వైపు గడ్డం చూపించింది.

"ఆ బిళ్లేనమ్మా. ఇంకేటి."

బాత్రూముకి వెళ్లాలంటే ఆ బిళ్ల తీసుకోవాలి. ముప్పై ఆరు మందికి ఒకే ఒక్క బిళ్ల. ఒకరు తిరిగొచ్చాకే ఇంకొకరు. ఏడింటికి లోపలికొచ్చిన మనిషికి పదకొండింటికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? వజ్రం బిళ్ల తెంపి పెంకుల తొట్టెలో పడేసింది. మర్నాడు పదకొండింటికి ఆమె ఒళ్లు తేలికగా ఉంది. నా దగ్గరికి ఐసు మిషన్ గదికి పరిగెత్తుకొచ్చింది, గమ్ బూట్లతో, జారిపడబోతూ. "పోయిందయ్యా. మోకాలు తీసేసినట్టు పోయింది," అంది. ఆ ముఖం నాకు ఇంకా కళ్లముందుంది.

అక్కడినుంచి ఆమెని ఆపలేకపోయాం. ఏ సైజు రొయ్య వస్తుందో ముందురోజే చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద రొయ్యకి చెయ్యి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి చిన్న రొయ్య వచ్చిపడితే బిగువు ఎంత పెరుగుతుందో ఆమెకి ఒంట్లోనే తెలిసింది కదా. గంటకోసారి చోట్లు మార్చుకోనిచ్చింది. షెడ్డు స్తంభానికి బెల్టు ఆపే స్విచ్చు ఉండేది, ఎర్రటిది, గుప్పెడంత. బిగువు మరీ ఎక్కువైతే వజ్రం వెళ్లి నొక్కేసేది. రెండు నిమిషాలు. అందరూ వేళ్లు చంకల్లో పెట్టి వెచ్చబెట్టుకునేవాళ్లు. మళ్లీ నొక్కేది.

రోజుకి తొమ్మిదిసార్లు బెల్టు ఆగేది. అయినా షిఫ్టు అయ్యేసరికి ముందుకంటే రెండు క్రేట్లు ఎక్కువ వెళ్లేవి. విరిగిన రొయ్యలు సగానికి సగం తగ్గాయి. హైమ మేడమ్ ఆ లెక్కల కాగితాలు చూసి ఒక్కతే నవ్వుకునేది. నేను చదువుకున్నది తక్కువ. కానీ ఆ నెలరోజులు నాకు పిచ్చెక్కినట్టుండేది. దొరికింది, అనుకున్నాను. ఇన్నేళ్లు యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకున్నదానికి ఒక యంత్రం సాక్ష్యం చెబుతోంది. పైవాడికి కిందివాళ్ల బరువు ఒంట్లో తెలిస్తే, అడిగే బుద్ధి వాడికి ఉంటే, చేతికందేంత దూరంలో స్విచ్చు ఉంటే పని నడుస్తుంది. ఇంతకుమించి మేనేజిమెంటు పాఠం ఏ కాలేజీలోనూ లేదు.

మీరేం చూశారు? తొమ్మిదిసార్లు ఆగడం చూశారు.

వల్లభరావు గారు నన్ను పైకి పిలిపించి, తడి చేతులతో స్విచ్చు ముట్టుకోవడం ప్రమాదం, దాన్ని తన గదిలోకి మార్చమన్నారు. మార్చాను. ఒక్క పూటలో పని పూర్తిచేసి, గోడవెంట పైపు నీటుగా లాగి, ఇరవై రెండు మెట్ల పైన ఆయన బల్ల పక్కన బిగించాను. పని శుభ్రంగా చేశావని మెచ్చుకున్నారు కూడా. స్తంభానికి నాలుగు స్క్రూ రంధ్రాలు మిగిలాయి. సిమెంటు పెట్టి పూడుద్దామనుకుని మరిచిపోయాను.

తరవాత పెట్టె మీద ఆయన కన్ను పడింది.

ఆ పెట్టెలో ఒక తిరుగుదారి ఉంది. వజ్రం నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటే, ఆ నెమ్మది కొంచెం వెనక్కి వెళ్లి ఆడవాళ్ల చేతులకి తగిలేది. వాళ్ల బరువులో అంత మేరకి ఆమె ఒంట్లోనే ఉండిపోయేది. అది ఎంత వెళ్లాలో తిప్పి పెట్టే మర ఒకటి ఉంది, హైమ మేడమ్ దాన్ని పదిలో ఒకటి దగ్గర పెట్టి ఉంచింది. పిల్ల ఏడుస్తుంటే వీపు నిమురుతాం చూడు, అంతే ఉండాలి అనేది. వల్లభరావు గారు దాన్ని పదికి తిప్పమన్నారు. ముప్పై ఆరు మంది నీరసపడటం కంటే ఒక్కరు నీరసపడటం నయం కదా అన్నారట. ఆ మాట విన్నప్పుడు నాకు వెంటనే కోపం రాలేదు. అర్థం కావడానికి సమయం పట్టింది. ఒక్క మనిషిని పాడుచేసుకుంటే ముప్పై ఆరు మందిని ఎంత వేగంగానైనా తోలుకోవచ్చు. ఆ మనిషి పోతే ఇంకో సూపర్‌వైజర్ వస్తుంది.

హైమ మేడమ్ ముందు కుదరదంది. ప్రయోగానికి అనుమతి ఇచ్చేదీ ఆపేసేదీ ఆయనే. ఆఖరికి ఐదుకి ఒప్పుకుంది, వారం రోజులకని. నేను తప్పు చేశాను సత్యానందం గారూ అని నాతో ఇప్పటికీ అంటుంది. చేసింది. నేనూ స్విచ్చు మార్చాను. మా తప్పులు మేం చెప్పుకుంటున్నాం. మీవి గేటుకి అంటించిన కాగితంలో ఏ మూల ఉన్నాయి?

మర ఐదుకి తిరిగిన రోజు షెడ్డు పెళ్లివారి ఇల్లులా ఉంది. చేతుల్లో నొప్పి లేదు. ఆడవాళ్లు నవ్వుకుంటూ, పాటలు పాడుకుంటూ ఒలిచారు. బోర్డు మీద గంటకి పద్దెనిమిది క్రేట్ల అంకె చెరిపి ఇరవై నాలుగు రాశారు. మూడోరోజు ఇరవై ఏడు. షిఫ్టు మధ్యలో తీసేస్తుందేమోనని వజ్రం పట్టీకి చిన్న తాళం బిగించారు. తాళంచెవి మేడ మీద.

వజ్రం సాయంత్రం ఆరింటికే గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా కూర్చున్నట్టే నిద్రపోయేది. గరిటె చేతిలోంచి జారిపోయేది. అన్నం నేనే కలిపి పెట్టాను రెండు రోజులు. రేపటినుంచి కట్టుకోకు, ఉద్యోగం పోతే పోనీ అన్నాను.

"నేను తీసేత్తే ఎక్కడికెల్లిద్ది అది?" అంది కళ్లు తెరవకుండానే. "ఆళ్ల మీదకే ఎల్లిపోద్ది. ఇరవై ఏడు మాత్రం తగ్గదు కదా."

ఆ మాటకి జవాబు మీ దగ్గర ఉంది. ఇరవై ఏడు చెరపొచ్చు. డస్టరు మీ చేతిలోనే ఉంది.

ఐదోరోజు పేరంటాలు క్రేట్ల వెనక వజ్రాన్ని చూసింది. స్తంభాన్ని కావలించుకుని నిలబడి, పళ్లు బిగబట్టుకుని, ఒళ్లంతా వణుకుతూ. తమ నొప్పి ఎక్కడికి పోతోందో ఆ రోజు షెడ్డుకి తెలిసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరూ పాటలు పాడలేదట.

ఇక్కడ మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఒలిచే బల్ల దగ్గర పాత అలవాటు ఒకటుంది. ఒంట్లో బాగాలేనిదాని ముందున్న రొయ్యల్ని పక్కామె చడీచప్పుడు లేకుండా తన ముందుకి లాక్కుంటుంది. అడగరు, చెప్పరు. బలమున్న చేతికి బరువు ఇవ్వడం, అంతే. సూపర్‌వైజర్లు కూడా చూడనట్టే ఉంటారు. ఆ అలవాటుతోనే వాళ్లు వజ్రాన్ని కాపాడదామనుకున్నారు. ఎవరికి నీరసమో, ఎవరికి జ్వరమో, ఎవరికి నెలసరో చూసుకున్నారు. అలాంటివాళ్లు పదకొండు మంది తేలారు. వాళ్ల పట్టీలు విప్పి, బలమైన చేతికి కట్టాలనుకున్నారు. బలమైన చేతికి తగిలేది తక్కువ, కాబట్టి వజ్రానికి వెళ్లేదీ తక్కువ. వాళ్ల లెక్క అది. మీ లెక్కల్లో ఏ ఒక్కదానికైనా ఇంత ప్రేమ ఉందా?

ఆ చెయ్యి మంగతాయారుది. మొదటి చోటు ఆమెదే, షెడ్డులో ఆమె వేగం ఎవరికీ లేదు. నాలుగు క్రేట్లు ఒక్కతే ఎత్తుతుంది. అబ్బా అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఆరోరోజు ఉదయం ఆమె సొంత పట్టీతో కలిపి పన్నెండు పట్టీలు, మణికట్టు నుంచి మోచేతిదాకా గాజుల్లా ఎక్కాయి. పైన చొక్కా చెయ్యి లాగి కప్పేశారు.

పదకొండుంబావుకి వజ్రం పడిపోయింది.

కేకలు విని ఐసు గదిలోంచి పరిగెత్తాను. నేల మీద ఆమె, కుడిచెయ్యి కొయ్యలా బిగుసుకుపోయి. పట్టీకి తాళం. బెల్టు ఆపితేనే పెట్టె ఆగుతుంది. నా చెయ్యి అలవాటుగా స్తంభం మీదికి పోయింది. అక్కడ నాలుగు రంధ్రాలు. నేను చేసిన రంధ్రాలే. ఇరవై రెండు మెట్లు ఎక్కాను. గదికి తాళం, వల్లభరావు గారు ఎవరికో ప్లాంటు చూపించడానికి వెళ్లారు. తలుపు బద్దలుకొట్టి స్విచ్చు నొక్కేసరికి ఏడు నిమిషాలు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి భుజం నుంచి వేలాడుతోంది. నరాలు మళ్లీ మేలుకోవచ్చు, మేలుకోకపోవచ్చు అంటున్నారు డాక్టర్లు.

ఆసుపత్రి వరండాలో మంగతాయారు నా కాళ్ల దగ్గర కూలబడింది. ఆ రోజే ఆమె నోరు విప్పింది. "నా సేతులు పోయి ఏడాదైందన్నయ్యా," అంది. ఇంట్లో గ్లాసు పట్టుకోలేదట. కొంగు సర్దుకోలేదట. రాత్రిళ్లు మణికట్లకి గుడ్డలు బిగించి కట్టుకుంటుందట. చెబితే మొదటి చోటు పోతుందని, మొదటి చోటు పోయినవాళ్లని తరవాత షెడ్డులోంచే పంపేస్తారని భయం. అందరిలోకీ గట్టిది అని మేమందరం అనుకున్న మనిషి అందరిలోకీ ఎక్కువ మోస్తోంది. దాన్ని పన్నెండు రెట్లు చేసి వజ్రం గుండెలోకి పంపాం. పని బాగా చేసేవాళ్ల మీదే ఇంకా పని వేస్తారు కదా మీరు, వాళ్లేమీ అనరు కాబట్టి? మీ అలవాటే మాకూ అంటుకుంది.

పదిరోజుల తరవాత కొనేవాళ్ల మనిషి తనిఖీకి వచ్చాడు. యంత్రంలో ఏ లోపమూ లేదని చూపించడానికి వల్లభరావు గారు అందరి ముందూ తనే పట్టీ కట్టుకుంటానన్నారు. వాచీ లాంటిదే అని నవ్వుతూ దాని తాళం కూడా బిగించుకున్నారు. హైమ మేడమ్ తిరుగుదారి పూర్తిగా మూసేసింది. ముప్పై ఐదు పట్టీలు ఆపేసింది. ఒక్క మంగతాయారు పట్టీ మాత్రం ఉంచింది. ఒక్కరిదే, ఒక్క రెట్టే. బెల్టు ఇరవై ఏడు క్రేట్ల వేగంతో వదిలారు.

వజ్రం చెయ్యి మెడకి కట్టుకుని ఎదురుగా నిలబడింది. షెడ్డంతా చూస్తోంది.

మూడు నిమిషాలు ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఐదో నిమిషంలో మాట తప్పింది. ఏడో నిమిషంలో టై వదులు చేసుకున్నారు. తొమ్మిదో నిమిషంలో ముఖం పాలిపోయి, ఆపండి అన్నారు. ఎవరూ కదల్లేదు. ఎవరి దగ్గర ఉంది గనక ఆపడానికి? ఆయన స్తంభం వైపు రెండడుగులు వేసి చెయ్యి చాపారు. వేళ్లు నాలుగు రంధ్రాల మీద తడుముకున్నాయి.

"స్విచ్చు తమ గదిలోనే ఉందండి," అంది వజ్రం. "ఇరవై రెండు మెట్లు. మా ఆయన లెక్కెట్టాడు."

డైరెక్టర్ గారు పరిగెత్తారు. తడినేల మీద, తోలు బూట్లతో. పేరంటాలు నవ్వు మెట్ల దాకా వినబడింది. బెల్టు ఆగింది. పైనుంచి చాలాసేపు ఎవరూ దిగలేదు.

అంటే ఆయనకి తెలిసింది. తొమ్మిది నిమిషాలు ఒక్క మనిషి మోతని తన ఒంట్లో మోశాడు. తెలిశాక రెండు రోజులకి మరమ్మతులని గేటు మూసేసి, తప్పు ఆడవాళ్లదని కాగితం అంటించాడు. తెలియక రాస్తే అజ్ఞానం అని ఊరుకునేవాణ్ణి. తెలిసి రాశారు.

ఇప్పుడు వినండి. ఈ ఉదయం ఏడింటినుంచి మేం గేటు బయటే ఉన్నాం, ముప్పై ఆరు మందీ, హైమ మేడమూ, వజ్రమూ. ఎడంచేతికి పట్టీ కట్టించుకుంటానంటోంది వజ్రం, మర ఒకటి దాటి తిరక్కుండా సీలు వేస్తేనే. మంగతాయారు చేతులకి వైద్యం మీరు చేయించాలి, ఆమె మొదటి చోటు ఆమె కోసం ఆగాలి. బోర్డు మీద అంకె రాసేవాళ్లు రాసేముందు ఒక గంట, ఈ షెడ్డులో, మేం ఏ ఆడమనిషిని చూపిస్తే ఆమె మోత తమ ఒంట్లోకి వచ్చేలా పట్టీ కట్టుకుని నిలబడాలి. ఆ తరవాత ఎంతైనా రాసుకోండి, చూస్తాం ఎంత రాస్తారో. గేటుకున్న ఆ కాగితం మీ చేత్తోనే చింపాలి.

కానీ అన్నిటికంటే ముందు స్విచ్చు. రేపు కాదు, కమిటీ వేశాక కాదు. నా సంచిలో స్క్రూడ్రైవరుంది, నలభై అడుగుల వైరుంది, నాలుగు స్క్రూలున్నాయి. స్తంభానికి రంధ్రాలు అలాగే ఉన్నాయి. దాన్ని కిందికి దించి ఆడవాళ్ల చేతికందేచోట బిగించడానికి నాకు అరగంట చాలు.

గేటు తియ్యండి.